ఓడిన సవరణల్లోనే అసలు రికార్డు

2018 మే 14న సియాటిల్ నగర కౌన్సిల్ ఇల్లులేనివారి కోసం పెద్ద సంస్థలపై ఒక కొత్త పన్నును తొమ్మిదికి తొమ్మిది ఓట్లతో ఆమోదించింది. జూన్ 12న అదే కౌన్సిల్ ఆ పన్నును 7-2 ఓట్లతో రద్దు చేసింది. సభ్యులు మారలేదు, చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. మధ్యలో గడిచింది ఇరవై తొమ్మిది రోజులు. మొదటిరోజు ఓటును బట్టి చూస్తే తొమ్మిదిమందీ పేదల పక్షమే. రెండోరోజు ఓటును బట్టి చూస్తే మిగిలింది ఇద్దరు: టెరీసా మొస్కెడా, క్షమా సావంత్.

ప్రజాప్రతినిధి ఓటింగ్ రికార్డును ఎలా చదవాలో నేర్పడానికి ఈ రెండు తేదీలకు మించిన పాఠం దొరకదు. ఎన్నికల వేళ ప్రతి నాయకుడూ తాను పేదల పక్షాన నిలిచానని చెబుతాడు. బిల్లు నెగ్గిన రోజు ఫొటోలో అందరూ ఉంటారు. బిల్లు సభకు రాకముందు అందులోంచి ఏం తీసేశారు, తీసేయొద్దని ఎవరు అడ్డుపడ్డారు, నెగ్గిన తర్వాత ఒత్తిడి వచ్చినప్పుడు ఎవరు నిలబడ్డారు అన్నవి ఆ ఫొటోలో కనిపించవు. క్షమా సావంత్ సియాటిల్ కౌన్సిల్‌లో 2014 జనవరి నుంచి 2023 డిసెంబర్ దాకా పదేళ్లు ఉన్నారు. ఆ పదేళ్ల ఓట్లను వరసగా చూస్తే, ఆమె అభిమానులు చెప్పేదానికీ, విరోధులు చెప్పేదానికీ భిన్నమైన చిత్రం కనిపిస్తుంది. మొత్తం మీద అది గౌరవించదగ్గ రికార్డు. అయితే ఆ గౌరవం ఆమె గెలిచిన ఓట్లకన్నా ఓడిన ఓట్ల వల్లే ఎక్కువగా దక్కుతుంది.

సావంత్ 1973లో పుణెలో పుట్టారు, ముంబైలో పెరిగారు. ముంబై విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదివి అమెరికా వెళ్లారు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. 2006లో సియాటిల్ చేరి, సోషలిస్ట్ ఆల్టర్నేటివ్ అనే చిన్న పార్టీలో పనిచేయడం మొదలుపెట్టారు. 2013లో ఆమె ఓడించిన రిచర్డ్ కాన్లిన్ పదహారేళ్లుగా కౌన్సిల్‌లో ఉన్న పెద్దమనిషి, పర్యావరణవాదిగా పేరున్నవాడు. ఆ పోటీలో ఆయనకు ఎదురు తిరిగింది ఆయన పాత ఓటే. 2011లో ఉద్యోగులకు జీతంతో కూడిన అనారోగ్య సెలవు ఇవ్వాలన్న చట్టం 8-1తో నెగ్గినప్పుడు వ్యతిరేకంగా పడిన ఆ ఒక్క ఓటు కాన్లిన్‌ది. సావంత్ ప్రచారమంతా దాన్ని గుర్తుచేస్తూనే సాగింది. సుమారు మూడువేల ఓట్ల తేడాతో ఆమె గెలిచారు. కౌన్సిల్ సభ్యురాలిగా వచ్చే 1,17,000 డాలర్లకు పైబడిన జీతంలో 40,000 మాత్రమే తాను తీసుకుని, మిగతాది ఉద్యమాల నిధికి ఇచ్చేస్తానని ముందే ప్రకటించారు.

ఆమె పేరు దేశమంతా తెలిసింది గంటకు 15 డాలర్ల కనీస వేతనంతో. 2014 జూన్ 2న ఆ చట్టం 9-0తో నెగ్గింది. అప్పటికి వాషింగ్టన్ రాష్ట్రంలో కనీస వేతనం 9.32 డాలర్లు. ఒక పెద్ద అమెరికన్ నగరం అంత పైకి వెళ్లాలని నిర్ణయించడం అదే మొదలు. ఈ ఘనతను సావంత్ ఒక్కరికే కట్టబెట్టేవాళ్లున్నారు. అది సరికాదు. 2013 మేలోనే సియాటిల్ ఫాస్ట్‌ఫుడ్ కార్మికులు సమ్మెకు దిగారు. ఆ నవంబరులో విమానాశ్రయం ఉన్న పక్క ఊరు సీటాక్‌లో 15 డాలర్ల ప్రతిపాదన 77 ఓట్ల తేడాతో గట్టెక్కింది. కొత్త మేయర్ ఎడ్ మర్రే వ్యాపారులు, కార్మిక సంఘాల నాయకులు కలిసిన 24 మంది కమిటీ వేశారు. అందులో 21 మంది ఒక రాజీకి వచ్చారు. కమిటీలో ఉన్నా ఆ రాజీకి ఒప్పుకోనివారిలో సావంత్ ఒకరు. కౌన్సిల్ ఒప్పుకోకపోతే నేరుగా ప్రజల ఓటుకు పెడతామంటూ బయట సంతకాల సేకరణకు సిద్ధమైన ఉద్యమానికి ఆమే ముందు నిలిచారు. ఆ భయం లేకపోతే ఆ రాజీ అంత త్వరగా కుదిరేది కాదు.

చట్టం చివరిరూపం చూస్తే 9-0 అన్న అంకె ఎంత దాచిపెడుతుందో అర్థమవుతుంది. అయిదువందల మందికి పైగా పనివాళ్లున్న పెద్ద సంస్థలు 2017 నాటికి, ఆరోగ్య బీమా ఇస్తే 2018 నాటికి 15 డాలర్లకు చేరాలి. చిన్న సంస్థలకు 2021 దాకా గడువు. చట్టం 2015 జనవరి 1 నుంచి అమలు కావాల్సింది కాస్తా ఏప్రిల్ 1కి జరిగింది. శిక్షణలో ఉన్నవారికి తక్కువ ఇచ్చేందుకు ఒక వెసులుబాటు దూరింది. అన్నిటికన్నా ముఖ్యమైనది టిప్పుల సంగతి. చిన్న హోటళ్లు, కాఫీ షాపుల యజమానులు గిరాకీ ఇచ్చే టిప్పును కూడా వేతనంలో భాగంగా లెక్కేసుకోవచ్చని చట్టం చెప్పింది. అంటే వడ్డించేవారికి గిరాకీ చేతిలో పెట్టిన డబ్బు కొంతవరకు యజమాని బాకీ తీర్చడానికి పోతుంది. టిప్పుల లెక్క తీసేయాలని, జనవరి తేదీనే ఉంచాలని, శిక్షణ వేతనం వద్దని సావంత్ సవరణలు ప్రతిపాదించారు. అన్నీ ఓడాయి. ఆ తర్వాత ఆమె చట్టానికి అనుకూలంగానే ఓటేశారు.

ఈ చివరి మాట ఆమెను మొండిమనిషి అని తేల్చేసేవాళ్లు గమనించాల్సింది. కావలసినంత అడిగారు, ఓడిపోయారు, దొరికినదాన్ని కాలదన్నలేదు.

ఆ ఓడిన సవరణల విలువ పదేళ్ల తర్వాత తెలిసింది. టిప్పుల వెసులుబాటు చట్టం ప్రకారమే 2025 జనవరి 1న ముగిసింది. ఆ రోజు చిన్నాపెద్దా తేడా లేకుండా సియాటిల్‌లో కనీస వేతనం 20.76 డాలర్లు అయింది. అంతకు ముందు 2024లో, ఆ వెసులుబాటును శాశ్వతం చేయాలని కౌన్సిల్‌లో ఒక బిల్లు వచ్చింది. తెచ్చింది సావంత్ ఖాళీ చేసిన మూడో జిల్లా నుంచే గెలిచిన జాయ్ హాలింగ్స్‌వర్త్. కార్మికులు గట్టిగా ఎదురుతిరగడంతో ఆ బిల్లును ఆమె వెనక్కి తీసుకున్నారు. 2014లో ఓడిన సవరణ ఏ సొమ్ము గురించో, ఎవరి జేబు గురించో ఈ ఒక్క ఘటన చెబుతుంది.

పెంపు వల్ల మంచి జరిగిందా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. 2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వేతనం 13 డాలర్లకు పెరిగిన దశలో తక్కువ జీతాల ఉద్యోగుల పనిగంటలు సుమారు 9 శాతం తగ్గాయని, సగటున నెలకు 125 డాలర్లు నష్టపోయారని లెక్క తేల్చారు. అదే నెలలో బర్క్‌లీ పరిశోధకులు హోటళ్లలో జీతాలు పెరిగాయని, ఉద్యోగాలు పోలేదని తేల్చారు. మరుసటి ఏడాది వాషింగ్టన్ బృందమే మళ్లీ చూసి, అప్పటికే అనుభవం ఉన్న పనివాళ్ల రాబడి పెరిగిందని, కొత్తగా పనిలోకి రావాలనుకునేవారికి అవకాశాలు తగ్గాయని చెప్పింది. సందేహాలు ఉన్నాయి, వాటిని దాచనక్కర్లేదు. పదేళ్లలో సియాటిల్ ఉద్యోగాల ఎడారి అవుతుందన్న జోస్యం మాత్రం ఫలించలేదు.

ఏకగ్రీవ ఓట్లలో ఖర్చులేనివీ ఉంటాయి. 2017 జులైలో ఏడాదికి 2,50,000 డాలర్లకు పైగా సంపాదించేవారి అదనపు ఆదాయంపై 2.25 శాతం పన్ను వేస్తూ కౌన్సిల్ 9-0తో చట్టం చేసింది. ప్రతిపాదించినవారు లిసా హెర్బోల్డ్, సావంత్. ఆదాయపు పన్ను వేసే అధికారం నగరానికి లేదని కోర్టు కొట్టేస్తుందేమోనన్న అనుమానం ఓటేసిన రోజే అందరికీ ఉంది. నవంబరుకల్లా అదే జరిగింది. ఎవరి మీదా వెంటనే భారం పడని ఓటు వేయడం తేలిక. ఆ ఓటును సావంత్ ఖాతాలోనూ పెద్ద పుణ్యంగా రాసుకోనక్కర్లేదు.

ఖర్చున్న ఓటు 2018లో వచ్చింది. 2015లోనే నగరం ఇల్లులేనివారి పరిస్థితిని అత్యవసర స్థితిగా ప్రకటించింది. సొమ్ము మాత్రం చాలలేదు. ఏడాదికి 2 కోట్ల డాలర్లకు మించి వ్యాపారం చేసే సంస్థలు ఒక్కో ఉద్యోగికి 500 డాలర్ల చొప్పున కట్టాలన్నది తొలి ప్రతిపాదన. అలా ఏటా 7.5 కోట్ల డాలర్లు వస్తాయి. నగరంలో పదుల వేలమంది ఉద్యోగులున్న అమెజాన్ వెంటనే ఒక కొత్త భవనం పనులు ఆపేసింది. అంతటితో 500 కాస్తా 275 అయింది, రాబడి 4.7 కోట్లకు తగ్గింది. తగ్గించిన పన్నుకే తొమ్మిదిమందీ ఓటేశారు. వ్యాపార సంస్థలు దాన్ని ప్రజాభిప్రాయానికి పెట్టి రద్దు చేయించేందుకు సంతకాలు సేకరించడం మొదలుపెట్టాయి. నవంబరు దాకా ఆగి ప్రజలతో వాదించే ఓపిక ఏడుగురికి లేకపోయింది.

వ్యాపారుల వాదనలో ఒక సత్యం ఉంది. తల లెక్కన వేసే పన్నుకు, కోట్లు గడించే టెక్ కంపెనీలోని తలకూ, తక్కువ లాభంతో నడిచే కిరాణా దుకాణంలోని తలకూ తేడా తెలియదు. ఆ లోపాన్ని సరిదిద్దవచ్చు. ఆ ఏడుగురు సరిదిద్దలేదు, రద్దు చేశారు.

సరిదిద్దడానికి రెండేళ్లు పట్టింది. ఈలోగా 2019 ఎన్నికలు వచ్చాయి. వ్యాపార మండలి నడిపే రాజకీయ నిధిలో అమెజాన్ ఆ ఏడాది మొత్తం 15 లక్షల డాలర్లు పోసింది. నగర కౌన్సిల్ ఎన్నికలో ఒక కంపెనీ అంత ఖర్చుపెట్టడం ఆ ఊరు ఎరగదు. తొలిరోజు లెక్కింపులో వెనకబడిన సావంత్ చివరికి నాలుగు శాతం తేడాతో గెలిచారు. ఏడు స్థానాల్లో ఆ మండలి బలపరిచినవారిలో గెలిచింది ఇద్దరే: డెబొరా హ్వారెజ్, అలెక్స్ పెడర్సన్.

2020 జులై 6న మళ్లీ ఓటింగ్ జరిగింది. ఈసారి పన్ను తలల మీద కాదు, పెద్ద జీతాల మీద. ఏటా 70 లక్షల డాలర్లకు పైగా జీతాల బిల్లున్న సంస్థలు, లక్షా 50 వేల డాలర్లకు మించిన జీతాలపై 0.7 నుంచి 2.4 శాతం దాకా కట్టాలి. ఏటా 20 కోట్ల డాలర్లకు పైగా రాబడి. ‘జంప్‌స్టార్ట్’ పేరుతో దీన్ని రూపొందించి, సభ్యులను ఒప్పించి, కార్మిక సంఘాలను కూడగట్టింది మొస్కెడా. సావంత్, టామీ మొరాలెస్ కలిసి తెచ్చిన బిల్లు ఇంకా పెద్దది, ఏటా 50 కోట్లు రాబట్టేది. అది ముందుకు కదల్లేదు. వీధుల్లో ‘అమెజాన్‌పై పన్ను’ అంటూ సంతకాలు సేకరిస్తున్న ఉద్యమం మాత్రం ఆమెదే. చివరికి 7-2తో జంప్‌స్టార్ట్ నెగ్గింది, సావంత్ అనుకూలంగా ఓటేశారు. వ్యతిరేకంగా పడిన రెండు ఓట్లు హ్వారెజ్‌వి, పెడర్సన్‌వి. మేయర్ జెన్నీ డర్కన్ సంతకం పెట్టకుండానే తిప్పి పంపారు, చట్టం అయిపోయింది.

ఈ విషయంలో సావంత్ అభిమానులు మొస్కెడాకు దక్కాల్సిన పేరు దక్కనివ్వరు. మొస్కెడా అభిమానులు వీధి ఉద్యమాన్ని గోలగా కొట్టిపారేస్తారు. 50 కోట్ల బిల్లు బల్లమీద ఉన్నప్పుడే 20 కోట్ల బిల్లు మధ్యేమార్గంలా కనిపించింది. ఇద్దరూ కావలసివచ్చారు. 2018లో రద్దుకు అడ్డునిలిచిన రెండు ఓట్లూ వీళ్లవే కావడం కాకతాళీయం కాదు.

అద్దెదారుల చట్టాల్లో సావంత్ ముద్ర ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఇంట్లో దిగేముందు కట్టే అడ్వాన్సు, ఇతర రుసుములు కలిపి ఒక నెల అద్దెకు మించరాదన్న 2016 డిసెంబరు చట్టం ఆమె తెచ్చిందే. హైదరాబాద్‌లో, బెంగళూరులో అడ్వాన్సు కోసం అప్పు చేసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో చలికాలంలో అద్దెదారులను ఖాళీ చేయించకూడదన్న చట్టం 7-0తో నెగ్గింది. ఇక్కడా ఏకగ్రీవం వెనక పాత కథే. ఆమె అడిగింది అయిదు నెలలు, మిగిలింది మూడు: డిసెంబరు మొదలు నుంచి మార్చి మొదలు దాకా. నాలుగు లేదా అంతకన్నా తక్కువ ఇళ్లున్న యజమానులకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు సబబే. ఉన్న రెండు వాటాల్లో ఒకటి అద్దెకిచ్చుకుని బతికే ముసలిదంపతులనూ, వందల అపార్ట్‌మెంట్లున్న కంపెనీనీ ఒకే గాటన కట్టకూడదు. నెలలను కుదించడానికి మాత్రం అలాంటి కారణం ఏదీ లేదు. ఉత్తరాన ఉన్న ఆ నగరంలో నవంబరు వానల చలి ఫిబ్రవరి చలికి తీసిపోదు. 2021లో విద్యాసంవత్సరం మధ్యలో బడిపిల్లల కుటుంబాలను ఖాళీ చేయించకుండా రక్షణ, అద్దె పెంచాలంటే ఆరు నెలల ముందు నోటీసు కూడా ఆమె బిల్లులతోనే వచ్చాయి.

ఇక ఆమె ‘వద్దు’ ఓట్లు. పత్రికలు ఎక్కువగా ఎగతాళి చేసింది వీటినే. 2018 నవంబరులో పోలీసు సంఘంతో నగరం చేసుకున్న వేతన ఒప్పందానికి 8-1తో ఆమోదం దొరికింది, వ్యతిరేకించింది ఆమె ఒక్కరే. కార్మికుల పక్షమని చెప్పుకునే మనిషి ఒక సంఘం ఒప్పందానికి ఎదురు నిలవడం ఏమిటని కార్మిక నాయకులే అడిగారు. 2017లో తెచ్చిన పోలీసు జవాబుదారీ చట్టాన్ని ఈ ఒప్పందం నీరుగారుస్తుందన్నది ఆమె మాట. నగరం నియమించిన పౌర కమిషన్ కూడా అదే హెచ్చరించింది. 2019 మేలో ఫెడరల్ జడ్జి జేమ్స్ రోబార్ట్, జవాబుదారీ విషయంలో నగరం తన హామీని కొంతమేర తప్పిందని తేల్చారు. ఎనిమిది ఓట్లు ఒకవైపు, ఒక ఓటు ఒకవైపు ఉన్నప్పుడు ఎనిమిదే ఒప్పని అనుకునే అలవాటును ఇది కొంత కదిలించాలి.

బడ్జెట్ ఓట్ల దగ్గర ఆమెను సమర్థించడం కష్టం. 2020 నవంబరులో బడ్జెట్ 8-1తో నెగ్గింది, ఒంటరి ఓటు ఆమెది. అది మొదటిసారి కాదు. పేదల కార్యక్రమాల్లో కోతలున్న, సంపన్నులపై చాలినంత పన్ను వేయని బడ్జెట్‌కు తలూపలేనన్నది ఆమె వాదన. ఎనిమిదిమంది ఎలాగూ నెగ్గిస్తారని తెలిసినప్పుడు అది నిరసన ఓటు, నష్టంలేని ఓటు. 2022లో లెక్క మారింది. బడ్జెట్ 6-3తో నెగ్గింది. వ్యతిరేకించిన ముగ్గురు సావంత్, పెడర్సన్, సారా నెల్సన్. మిగతా ఇద్దరి అభ్యంతరం ఖాళీగా ఉన్న పోలీసు పోస్టులను తీసేయడం గురించి, సావంత్ అభ్యంతరం దానికి పూర్తిగా అవతలి వైపు. మరో ఇద్దరు గోడ దూకి ఉంటే జంప్‌స్టార్ట్ సొమ్ముతో ఇళ్లు కట్టే పద్దులున్న బడ్జెట్టే కూలిపోయేది. దాని స్థానంలో వచ్చేది ఇంకా కుడివైపుకు జరిగిన బడ్జెట్. ఒంటరిగా ఉన్నప్పుడు నిరసనగా పనికొచ్చే ఓటు, బలాలు దగ్గరపడినప్పుడు ఎదుటివారి చేతిలో ఆయుధమవుతుంది. ఆ తేడాను ఆమె ఓటు పట్టించుకోలేదు. సవరణ ఓడినా 2014లో చట్టానికి ఓటేసిన విజ్ఞత 2022లో కనిపించలేదు.

ఇంకో తప్పు ఆమె రికార్డులో ఉంది. ‘అమెజాన్‌పై పన్ను’ ప్రజాభిప్రాయ ప్రచారానికి నగర కార్యాలయ వనరులు వాడారన్న ఆరోపణపై 2021లో నైతిక విలువల కమిషన్‌తో ఒప్పందానికి వచ్చి 3,516 డాలర్ల జరిమానా కట్టారు. ఈ ఆరోపణతోపాటు, 2020లో పోలీసుల దౌర్జన్యంపై జరిగిన నిరసనల వేళ రాత్రిపూట సిటీహాల్ తలుపులు జనానికి తెరిచారని, మేయర్ ఇంటి ముందు ఊరేగింపు నడిపించారని మరికొన్ని చేర్చి, ఆమెను పదవి నుంచి దించేందుకు రీకాల్ ఎన్నిక తెచ్చారు. 2021 డిసెంబరు 7న జరిగిన ఆ ఎన్నికలో 40 వేలకు పైగా ఓట్లు పడితే, 310 ఓట్ల తేడాతో ఆమె నిలిచారు. ప్రజల సొమ్ముతో నడిచే ఆఫీసును ప్రచారానికి వాడటం, ఎంత మంచి పనికోసమైనా, తప్పే. అద్దె ఇళ్లలో బతికే జనం ఆ తప్పును తూచి, ఆమె వేసిన ఓట్లను కూడా తూచి, తీర్పు చెప్పారు.

తూచగలిగారంటే వారి చేతిలో తూకంరాళ్లు ఉన్నాయి. సియాటిల్‌లో ప్రతి బిల్లుకూ, చాలా సవరణలకూ ఎవరు ఔనన్నారో ఎవరు కాదన్నారో పేరుపేరునా నమోదవుతుంది, ఎవరైనా చూసుకోవచ్చు. మన నగరాల సంగతి చూడండి. హైదరాబాద్‌లో 2020 డిసెంబరు ఎన్నికల్లో 150 డివిజన్ల ప్రజలు కార్పొరేటర్లను ఎన్నుకున్నారు. విశాఖ మహానగర పాలక సంస్థలో 98 వార్డులు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టాన్ని సవరించి, ఆస్తిపన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చారు. 2021లో ఇళ్ల నుంచి చెత్త సేకరణకు నెలనెలా రుసుము వచ్చింది. జనం దాన్ని ‘చెత్త పన్ను’ అన్నారు, 2024లో ప్రభుత్వం మారాక రద్దయింది. పూరింటికైనా, నాలుగంతస్తుల మేడకైనా బిల్లు వచ్చే ఈ విషయాల్లో తమ వార్డు ప్రతినిధి ఏం మాట్లాడాడో, ఏ చేయి ఎత్తాడో చెప్పగలిగే ఓటరు ఎంతమంది? బల్లలు చరిచి ‘ఆమోదం, ఆమోదం’ అన్న సభలో వ్యక్తి ఓటు మాయమైపోతుంది. 74వ రాజ్యాంగ సవరణ నగరాలకు ఎన్నికైన పాలకవర్గాలను హామీ ఇచ్చి మూడు దశాబ్దాలు దాటింది. పన్నులు, రుసుములు, కాంట్రాక్టు కార్మికుల జీతాలు, వీధి వ్యాపారుల స్థలాల మీద జరిగే ప్రతి ఓటునూ పేర్లతో నమోదుచేసి వార్డు కార్యాలయంలో అతికించమని అడగడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. కౌన్సిల్ తీర్మానం చాలు.

తెలుగువారికి సావంత్ రికార్డులో మరీ దగ్గరగా తగిలే ఓటు 2023 ఫిబ్రవరి 21 నాటిది. ఉద్యోగంలో, అద్దె ఇంటి విషయంలో, బహిరంగ ప్రదేశాల్లో కుల వివక్షను నిషేధిస్తూ సియాటిల్ 6-1తో చట్టం చేసింది. అమెరికాలో ఏ నగరమూ అంతకుముందు ఆ పని చేయలేదు. వ్యతిరేకించిన ఒక్కరు సారా నెల్సన్. సమస్య ఎంత ఉందో చెప్పే లెక్కలు లేకుండా చట్టం చేయడం తొందరపాటని, ఒక సమాజంపై మచ్చ వేసినట్టవుతుందని ఆమె అన్నారు. కొన్ని హిందూ సంఘాలు కూడా ఆ మాటే అన్నాయి. సావంత్ పుట్టింది తమిళ బ్రాహ్మణ కుటుంబంలో. కులం పైమెట్టు మీద పెరిగి, ఆ మెట్లు ఎలా ఉంటాయో లోపలినుంచి చూశానని ఆమె దాచుకోకుండా చెప్పారు.

అమెరికాలో 2010 నుంచి 2017 మధ్య అత్యంత వేగంగా పెరిగిన భాష తెలుగు. మైక్రోసాఫ్ట్ కేంద్రం రెడ్‌మండ్, అమెజాన్ కేంద్రం సియాటిల్. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. తెలుగు సంఘాల్లో కులం పాత్ర ఏమిటో గుంటూరు నుంచి వెళ్లినవారికైనా, కరీంనగర్ నుంచి వెళ్లినవారికైనా ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. 2020లో కాలిఫోర్నియా రాష్ట్ర విభాగం కులవివక్ష ఆరోపణతో సిస్కోపై దావా వేసింది. 2023లో ఇద్దరు మేనేజర్లపై ఉన్న కేసును ఉపసంహరించుకుంది, కంపెనీపై కేసు కొనసాగించింది. ఒక కేసు నిలబడటం, పడిపోవడం వేరు. ఫిర్యాదు చేయాలనుకున్న మనిషికి చెప్పుకునే చోటు ఉండటం వేరు. జీతం పెంచేదెవరు, ప్రాజెక్టులోకి తీసుకునేదెవరు, ఇల్లు అద్దెకిచ్చేదెవరు అన్నవి ఆర్థిక ప్రశ్నలే. ఇంటిపేరు విని మాట మారే చోట వేతన చట్టం ఒక్కటే న్యాయం చేయలేదు. కనీస వేతనాన్నీ, కుల నిషేధాన్నీ ఒకే రికార్డులో భాగాలుగా చూడటమే సరైన చూపు. లెక్కలు లేవన్న అభ్యంతరానికీ జవాబుంది: నేరమే కానిచోట ఫిర్యాదులు నమోదు కావు, ఫిర్యాదులు లేనిచోట లెక్కలు రావు.

ఆమె పదవీకాలం చివర్లో మరో ఓటమి ఉంది. 2023 ఆగస్టు 1న ఆమె అద్దె నియంత్రణ బిల్లు 6-2తో ఓడింది. ఏడాది అద్దె పెంపు ద్రవ్యోల్బణాన్ని దాటకూడదన్నది అందులోని నియమం. వాషింగ్టన్ రాష్ట్రంలో నగరాలు అద్దెలను నియంత్రించకూడదని 1981 నుంచి చట్టం ఉంది. అందుకే ఆ రాష్ట్ర నిషేధం తొలగిన రోజున తమ నియంత్రణ అమల్లోకి వచ్చేలా ఆమె బిల్లు రాశారు. అనుకూలంగా ఓటేసిన రెండో సభ్యురాలు మొరాలెస్. అమలుకాని చట్టం ఎందుకు, ఇలాంటి నియంత్రణతో కొత్త ఇళ్ల నిర్మాణం ఆగిపోతుంది అన్నారు మిగతావారు. నిర్మాణం గురించిన భయాన్ని తీసిపారేయలేం. చాలామంది ఆర్థికవేత్తలు ఆ మాట చెబుతారు. అయితే ఆరేళ్ల ముందు, కోర్టు కొట్టేస్తుందేమోనని తెలిసికూడా ఆదాయపు పన్నుకు అదే కౌన్సిల్ ఏకగ్రీవంగా ఓటేసింది. అప్పుడు అడ్డురాని రాష్ట్ర చట్టం ఇప్పుడు అడ్డువచ్చింది.

ఆ ఏడాది చివర్లో ఆమె పదవి వదిలారు. 2023 ఎన్నికలతో కౌన్సిల్ రూపమే మారింది. జంప్‌స్టార్ట్‌కు ఓటేసిన ఏడుగురిలో 2024 చివరికి మిగిలింది మొరాలెస్, డాన్ స్ట్రాస్. ఆ పన్ను రాబడిలో ఎక్కువభాగం చవక ఇళ్లకు పోవాలని మొదట రాసుకున్నా, 2024 చివర్లో నెగ్గిన బడ్జెట్‌లో పెద్దమొత్తం సాధారణ నిధి లోటు పూడ్చడానికి మళ్లింది.

అద్దెల సంగతి మాత్రం అక్కడ ఆగలేదు. 2025 మేలో గవర్నర్ బాబ్ ఫెర్గూసన్ సంతకంతో రాష్ట్రమంతటికీ ఒక పరిమితి వచ్చింది. ఏడాదిలో అద్దె పెంపు ద్రవ్యోల్బణానికి 7 శాతం కలిపినంత లేదా 10 శాతం, రెంటిలో ఏది తక్కువైతే అంత. దీన్ని సావంత్ విజయంగా చెప్పడం అతిశయోక్తి. రాష్ట్ర శాసనసభ్యులు, అద్దెదారుల సంఘాలు ఏళ్లతరబడి తిరిగి సాధించింది అది. నగరాలపై 1981 నాటి నిషేధం ఇప్పటికీ ఉంది. ద్రవ్యోల్బణం 3 శాతం ఉన్న ఏడాది, నెలకు 2,000 డాలర్ల అద్దె కట్టే కుటుంబానికి కొత్త చట్టం కింద యజమాని 200 డాలర్ల దాకా పెంచవచ్చు. 6-2తో ఓడిన బిల్లు కింద అయితే ఆ పెంపు 60 డాలర్లు దాటేది కాదు.